బండి వెళ్ళినా నిలబడాల్సిన గుడారం

"ఎంతమంది కూర్చోవచ్చు?"

మా ఆయన ఏ వస్తువు కొన్నా మొదట అడిగే ప్రశ్న ఇదే. సోఫా కొన్నప్పుడు అడిగాడు. డైనింగ్ టేబుల్ కొన్నప్పుడు అడిగాడు. అమెరికాలో మా ఊరు క్యారీలో ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు హాల్ మధ్యలో నిలబడి చేతులు చాచి మరీ అడిగాడు. లోపలే పడుకోడానికి వీలుండే మా క్యాంపర్ వ్యాన్‌కి పక్కన తగిలించే గుడారం కొనేటప్పుడూ అదే ప్రశ్న. నా ప్రశ్న వేరు. "ఎన్ని నిమిషాల్లో ఊడుతుంది?" ఈ రెండు ప్రశ్నల మధ్య మా ఇంట్లో మూడు వారాలు యుద్ధం నడిచింది. అది ఎలా ముగిసిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గుడారం అంటే మామూలు గుడారం కాదు. ఇక్కడ చాలా వ్యాన్‌లకి పక్కన చుట్టి పెట్టిన గుడ్డ పందిరి ఉంటుంది. లాగితే నీడ వస్తుంది, బండి కదలాలంటే మళ్ళీ చుట్టేయాలి. మేం కొనాలనుకున్న డ్రైవ్-అవే ఆనింగ్ అలా కాదు. అది తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. వ్యాన్ తలుపు దగ్గర్నుంచి దాన్లోకి చిన్న గుడ్డ దారి ఒకటి ఉంటుంది. ఆ దారిని బండి నుంచి విడదీస్తే బండి వెళ్ళిపోతుంది, గుడారం అక్కడే ఉంటుంది. తిరిగొచ్చి మళ్ళీ తగిలించుకోవచ్చు.

మాకు కావలసింది అదే. మాకు అంటే మా అమ్మాయికి.

దానికి తొమ్మిదేళ్ళు. ఆటిజం. మాటలు తక్కువ. కుక్కర్ విజిల్, మిక్సీ మోత, పదిమంది ఒకేసారి నవ్వడం, ఇవన్నీ మన చెవికి చప్పుళ్ళు, దాని చెవికి దెబ్బలు. దెబ్బలు ఎక్కువైతే చెవులు మూసుకుని అరుస్తుంది, తన మణికట్టు తానే కొరుక్కుంటుంది. అప్పుడు దాన్ని శాంతింపజేసేది ఒక్కటే, కదిలే బండి. వెనక సీట్లో కూర్చోబెట్టి, కిటికీ అద్దానికి చెంప ఆనించుకోనిచ్చి, ఓ ఇరవై నిమిషాలు తిప్పితే గొంతులో సన్నగా రాగం తీయడం మొదలుపెడుతుంది. ఆ రాగం వినపడితే గండం గడిచినట్టు. క్యారీలో నేను తిరగని సందు లేదు. ఆఫీస్ మీటింగ్ చెవిలో పెట్టుకుని, మైక్ మ్యూట్ చేసుకుని, ఒకే వీధి చుట్టూ గానుగెద్దులా తిరిగిన రోజులున్నాయి.

ఇంకో సంగతి. అది తిరిగి వచ్చేసరికి తను వదిలి వెళ్ళిన చోటు వదిలినట్టే ఉండాలి. దుప్పటి అంచు మారినా, దీపం జరిగినా, కథ మళ్ళీ మొదటికొస్తుంది. బండి వెళ్ళాలి, చోటు ఉండాలి. ఈ రెండూ కలిపి ఇచ్చే వస్తువు ఒకటుందని నెట్‌లో చూసిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఎవరో ఎక్కడో మా అమ్మాయి కోసమే కుట్టినట్టు అనిపించింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పొరపాటు ఎక్కడ జరుగుతుందో ముందే వెతకడం నా వృత్తి. కాబట్టి గుడారాన్నీ అలాగే ఎంచాను. నేల నుంచి, గుడారం అంచు తగిలించడానికి వ్యాన్ పక్కనున్న గాడి దాకా ఎత్తు కొలిచాను. ఖాళీ బండితో ఒకసారి, నీళ్ళ ట్యాంకు నింపి, సామాన్లు ఎక్కించి ఇంకోసారి. ఎందుకంటే బరువుకి బండి కాస్త దిగుతుంది. చివరికి ఒకటి తేల్చాను. చిన్నది, ముగ్గురికి సరిపోతుంది. లోపల మరో గది, నల్లగుడ్డతో, పట్టపగలు కూడా చీకటిగా ఉండేది. బండికి అయస్కాంతాల పట్టీతో అతుక్కుంటుంది, పట్టుకు లాగితే వచ్చేస్తుంది. వీడియోలో ఒక ముసలాయన ఒక్కడే, తొందర లేకుండా, రెండు నిమిషాల్లో ఊడదీశాడు. ఆ వీడియో నేను పదిసార్లు చూశాను.

మా ఆయన ఒక్కసారి చూసి, "ముగ్గురేనా?" అన్నాడు.

మరునాడు క్యాంపింగ్ గ్రూపులో పోల్ పెట్టాడు. మా గ్రూపులో ఐదు కుటుంబాలు. అందరం క్యారీ చుట్టుపక్కలే ఉంటాం. ఈ గ్రూపులో పోల్ పెట్టకుండా ఎవరూ ఎయిర్ ఫ్రయర్ కూడా కొనరు. "ఫ్రెండ్స్, లాంగ్ వీకెండ్ ట్రిప్‌కి ఆనింగ్ తీసుకుంటున్నాం. చిన్నదా, పెద్దదా? పెద్దదాన్లో పదిమంది ఈజీగా కూర్చోవచ్చు" అని రాశాడు. చిన్నది ఎందుకు కావాలో రాయలేదు. ఒక్క ముక్క రాయలేదు.

గ్రూపులో వయసులో పెద్దాయన ఉన్నాడు, అందరం అన్నయ్య అంటాం. ఆయన వెంటనే, "చిన్నదేం చేసుకుంటారమ్మా, ముడుచుకుని పడుకోడానికా? పెద్దదే, నో సెకండ్ థాట్" అని తేల్చేశాడు. వాన వస్తే అందరం అక్కడే వండుకోవచ్చని ఒకరు, పేకాటకి బాగుంటుందని ఇంకొకరు. సాయంత్రానికి చిన్నదానికి ఒకే ఒక్క ఓటు. అది నాది. మా ఆయన ఓటు పెద్దదానికి పడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మామూలుగా ఆయన్ని మీరు అంటాను. కోపం వస్తే నువ్వులోకి దిగిపోతాను. ఆ సాయంత్రం తిన్నగా నువ్వుతోనే మొదలుపెట్టాను.

"నువ్వెందుకు వేశావ్ దానికి?"

"అందరూ పెద్దదంటున్నారు కదా. నేనొక్కడినే చిన్నదంటే ఎందుకని అడుగుతారు."

"అడిగితే చెప్పు."

"ఏమని?"

"నీ కూతురి సంగతి."

ఆయన ఫ్రిజ్ తలుపు తీశాడు, ఏమీ తీసుకోకుండా మూశాడు. "ప్రతివాళ్ళకీ చెప్పాల్సిన అవసరం ఏంటి? ఇప్పుడు షై అనుకుంటున్నారు. చెప్తే జాలి పడతారు. రేపట్నుంచి పిలవడం మానేస్తారు."

"పిలిచి ఇప్పుడు ఏం ఉద్ధరిస్తున్నారు?"

"నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావ్."

"పెద్దది చేసింది నువ్వు. పదిమంది కూర్చునేంత!"

నేనేమీ సత్యసంధురాలిని కాను. దాని సంగతి తెలిసిన మొదటి రెండేళ్ళూ నేనూ ఇదే పాట పాడాను. మాటలు ఆలస్యం అన్నాను, గారాబం అన్నాను, ఫోన్‌లో మా అమ్మతో మొహమాటం అని కూడా అన్నాను. ఆ అబద్ధం రుచి నాకు తెలుసు. కానీ ఆ తర్వాత స్కూల్లో చెప్పింది నేను, డాక్టర్లకి చెప్పింది నేను, దాని వైపు వింతగా చూసిన పక్కింటివాళ్ళకి చెప్పింది నేను. ఆయన ఏడేళ్ళుగా నా వెనకాల నిలబడి తల ఊపుతున్నాడు. తనవాళ్ళ ముందు, తన నోటితో, ఒక్కసారంటే ఒక్కసారి చెప్పలేదు. ఈసారి నేను చెప్పదలచుకోలేదు. నేను చెప్తే అది నా గోల అయిపోతుంది. ఆయన చెప్తేనే అది ఆయన కూతురు కూడా అవుతుంది.

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు పెద్దదే వచ్చింది. దాన్లోనూ లోపల ఒక చీకటి గది ఉంది, అదొక్కటే మేలు. కానీ దీనికి అయస్కాంతాలు లేవు. లావుపాటి అంచుని వ్యాన్ గాడిలోకి ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎక్కించాలి. ఒకరు తోస్తే ఒకరు లాగాలి. మొదటిసారి ఊడదీయడానికి ఇద్దరికీ పన్నెండు నిమిషాలు పట్టింది. అంచు తేలిగ్గా జారడానికి నేను గాడి పొడుగునా కొవ్వొత్తి రుద్దాను. డ్రైవ్‌వేలో మూడు రోజులు ఒక్కదాన్నే ఎక్కించడం, ఊడదీయడం. నాలుగున్నర నిమిషాలకి తెచ్చాను. ఇంటి ముందు టెంట్లు వేయరాదని కాలనీవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చింపి చెత్తబుట్టలో వేశాను.

"రెండు విషయాలు," అన్నాను బయలుదేరే ముందు. "లోపలి గది పాపది. అందులో ఎవరూ అడుగు పెట్టకూడదు. బండికి ఎవరూ ఏమీ కట్టకూడదు. ఈ రెండూ మీరే వాళ్ళకి చెప్పాలి."

"చెప్తానన్నాను కదా. ప్రామిస్."

శుక్రవారం సాయంత్రం ఐదు కుటుంబాలూ ఒక లేక్ పక్కన క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. చీకటి గదిలో పాప నీలం దుప్పటి పరిచాను, పసుపు దీపం పెట్టాను, సీసా మూతల పెట్టె పెట్టాను. అది మూతల్ని గోడ వెంట వరసగా పేర్చుకుంది. బయట నాలుగు కుటుంబాల పిల్లలు పరిగెత్తుతున్నా అది లోపల రాగం తీసుకుంటూ పడుకుంది. మా ఆయన నా వైపు చూసి, "చూశావా, పెద్దదైనా ఏం కాలేదు" అన్నాడు. ఆ రెండు విషయాలూ వాళ్ళకి చెప్పారా అని అప్పుడే అడగనందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

శనివారం పొద్దున పాపని తీసుకుని నీళ్ళ దగ్గరికి, జనం లేని వైపు వెళ్ళాను. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది. భోజనాల వేళకి తిరిగొచ్చాం.

దూరం నుంచే కనపడింది. వ్యాన్ పైనున్న కమ్మీ నుంచి గుడారం స్తంభం మీదుగా చెట్టు దాకా బట్టల తాడు. దాని మీద ఐదు ఇళ్ళ తువ్వాళ్ళు, లుంగీలు, పిల్లల ఈత బట్టలు. పొద్దున కాస్త గాలి లేచిందట. ఎగిరిపోతుందేమోనని మగవాళ్ళందరూ కలిసి నైలాన్ తాడుతో గుడారాన్ని వ్యాన్‌కి కట్టేశారు. ఎనిమిది చోట్ల! బస్సు టాపు మీద సామాన్లు కట్టినట్టు, ముడి మీద ముడి. బండి విడిచి వెళ్ళడానికే పుట్టిన గుడారాన్ని బండికి కట్టి పడేసిన మహానుభావులు ఈ భూప్రపంచంలో మావాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరు. గుడ్డ దారిలో చెప్పుల గుట్ట. గుమ్మంలో గ్యాస్ స్టవ్, దాని మీద కుక్కర్. స్పీకర్‌లో పాటలు.

పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, చెప్పులు దాటుకుంటూ లోపలి గది జిప్ తీశాను.

పెరుగు డబ్బాలు. దోసెల పిండి బకెట్. ఉల్లిపాయల సంచి, కొత్తిమీర కట్టలు. దుప్పటి చక్కగా మడతపెట్టి ఓ మూల ఉంది. మూతలన్నీ ఒక పేపర్ ప్లేట్లోకి ఊడ్చి పెట్టారు.

"లోపల చల్లగా, చీకటిగా ఉంది కదా వదినా, పెరుగు పులిసిపోకుండా అక్కడ పెట్టాం" అంది మా ఆయన స్నేహితుడి భార్య, వెనకనుంచి, సంతోషంగా. అప్పుడే కుక్కర్ విజిల్ వేసింది.

ఆ తర్వాత జరిగింది రాయడానికి నాకు మనసొప్పదు. అది అరిచింది. నేల మీద పడి మణికట్టు కొరుక్కుంది. అందరూ చుట్టూ మూగారు. ఎండదెబ్బ అని ఒకరు, ఏదో కుట్టిందని ఒకరు, పాట ఇంకా మోగుతూనే ఉంది. ఆ వదినగారి అత్తగారు ఇండియా నుంచి చూడ్డానికి వచ్చి ఉంది. ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది, "దిష్టే, అమ్మాయ్! నిన్నట్నుంచీ అందరూ ఎంత ముద్దుగా ఉందో, ఎంత కుదురుగా ఉందో అంటున్నారు. తగలదూ మరి!" అంటూ. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు. అది కాళ్ళు కొట్టుకుంటుంటే మూడుసార్లు దాని చుట్టూ తిప్పి, కుక్కర్ దించి, స్టవ్ మంట మీద పడేసింది. చిటపటమంది. పొగ గుడారం నిండా కమ్మేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అది.

"ఘాటే రావడం లేదు చూడండి, ఎంత దిష్టో!" అంది ఆవిడ, దగ్గుతూనే.

ఆవిడ మీద నాకు కోపం లేదు. పెరుగు పెట్టిన వదిన మీద కూడా లేదు. వాళ్ళకెవరూ చెప్పలేదు. తెలియనివాళ్ళు తమకి తెలిసింది చేస్తారు. తెలిసినవాడు నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి, "ఎండ పడదు దానికి, కాసేపట్లో సర్దుకుంటుంది" అంటున్నాడు. నా కోపమంతా ఆ చేతుల మీద. ఆ చేతులతోనే ఎనిమిది ముళ్ళలో రెండు ఆయనే వేశాడని తర్వాత తెలిసింది.

పాపని ఎత్తుకెళ్ళి వ్యాన్ వెనక సీట్లో బెల్టు పెట్టాను. కిందికి దూకి మొదటి ముడి పట్టుకున్నాను. రాలేదు. గోరు విరిగింది.

"ఆగు చెల్లెమ్మా, ఆగు. నిదానంగా విప్పుదాం, తాడు పాడైపోతుంది" అన్నాడు అన్నయ్య.

తాడు! లోపల నా పిల్ల రక్తం వచ్చేలా కొరుక్కుంటుంటే ఈయనకి తాడు పాడైపోతుందట. ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి ఎదురుగా ఉంది. తీసుకున్నాను. ఎనిమిదీ కోసేశాను. బట్టల తాడు కూడా కోశాను. ఐదు ఇళ్ళ లుంగీలూ తువ్వాళ్ళూ మట్టిలో పడ్డాయి. కొవ్వొత్తి రుద్దిన అంచు ఒక్క ఊపులో సర్రున జారి వచ్చేసింది. గుడారం కాస్త ఊగింది, మళ్ళీ నిలబడింది. ఆ క్షణంలో కూడా దాన్ని చూసి నాకు గర్వంగా అనిపించింది.

డ్రైవర్ సీట్లోకి ఎక్కి కిటికీ దించాను. మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"నేను వచ్చేసరికి ఆ గది ఎలా ఉండేదో అలా ఉండాలి," అన్నాను. "వాళ్ళకి చెప్పు. నీ నోటితో. దిష్టి కాదని చెప్పు."

ఆయన తల ఊపాడు. ఏడేళ్ళుగా చూస్తున్న ఊపు.

లేక్ చుట్టూ రోడ్డు ఉంది, రెండు పక్కలా ఎత్తైన పైన్ చెట్లు. మొదటి చుట్టు అరుపులు. రెండో చుట్టు ఎక్కిళ్ళు. మూడో చుట్టులో అద్దానికి చెంప ఆనించింది. నేను మాత్రం స్టీరింగ్ మీద గుద్దుతూ, నోటికొచ్చిన తిట్లన్నీ చప్పుడు లేకుండా తిట్టుకుంటూ నడిపాను. నాలుగో చుట్టులో రాగం మొదలైంది. కాసేపటికి రాగం ఆపి ఒక మాట అంది.

"రూమ్?"

రోజుకి పది మాటలు మాట్లాడని పిల్ల.

"అక్కడే ఉంటుంది నాన్నా. మనం వెళ్ళేసరికి అక్కడే ఉంటుంది."

"అక్కడే," అంది. ఇంకో రెండుసార్లు తనలో తనే అనుకుంది. ఇంకో రెండు చుట్లు తిప్పి వెనక్కి మళ్ళించాను.

గుడారం లేదు.

మొదట చోటు తప్పి వచ్చానేమో అనుకున్నాను. చెట్టు అదే, బల్ల అదే, కుర్చీలు అవే. గుడారం ఉన్నచోట చదునైన గడ్డి, నాలుగు మూలలా మేకుల గుంతలు. గుడారమేమో చక్కగా మడిచి, నేను కోసిన తాడు ముక్కలతోనే మూటకట్టి, బల్ల మీద పెట్టి ఉంది. దాని పక్కన దుప్పటి, దీపం, మూతల ప్లేటు. అన్నయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు.

"పాపకి ఒంట్లో బాలేదని మీ ఆయన చెప్పాడమ్మా. ఎలాగూ ఇంటికెళ్ళిపోతారు, మళ్ళీ మీకు శ్రమ ఎందుకని మేమే అందరం కలిసి ప్యాక్ చేసేశాం. ఇరవై నిమిషాల్లో!"

స్పీకర్‌లో పాట మళ్ళీ మొదలైంది. మా ఆయన దూరంగా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చూసేసరికి తల దించుకున్నాడు. వెళ్ళి చొక్కా పట్టుకుని అడుగుదామనుకున్నాను. ఒంట్లో బాలేదా? ఎవరి ఒంట్లో? ఈలోగా వెనక తలుపు జరిగిన చప్పుడైంది. మా అమ్మాయి తనంతట తనే బెల్టు తీసుకుని దిగింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గడ్డి మీది ఆ చదరపు జాగా దగ్గరికి నడిచి, గుమ్మం ఉండిన చోట ఆగింది. చెప్పులు విప్పింది. రెండూ జతచేసి పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి, కుడివైపు మూల, నీలం దుప్పటి ఉండిన చోట, నలిగిన గడ్డి మీద పడుకుంది. పాట వినపడకుండా రెండు చెవులూ మూసుకుంది. పైన నీడ లేదు, గోడ లేదు. మధ్యాహ్నపు ఎండ మొహం మీద పడుతోంది.

నేనూ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. దాని మొహానికి ఎండ తగలకుండా అడ్డంగా కూర్చున్నాను. అక్కడ ఇరవైమంది ఉన్నారు, అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గు లేదు. ఉన్నదంతా కోపమే.

కాసేపటికి మా ఆయన దుప్పటి పట్టుకుని వచ్చాడు. గడ్డి అంచు దగ్గర ఆగాడు. దాని చెప్పుల వైపు, నా చెప్పుల వైపు చూశాడు. ఒంగి బూటు లేసు విప్పబోయాడు.

"ముందు చెప్పి రా," అన్నాను. "తర్వాత విప్పు."

లేసు వదిలేసి లేచాడు. తర్వాత దుప్పటి నా చేతికిచ్చి, వెనక్కి తిరిగి వాళ్ళ వైపు నడిచాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. ఒక్క మాటతో మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టినట్టు భుజాలు కదిలాయి. అన్నయ్య మొహంలో నవ్వు పోయింది. దిష్టి తీసిన పెద్దావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాళ్ళలో ఎవరో వెళ్ళి పాట ఆపేశారు. మా అమ్మాయి చెవుల మీంచి చేతులు తీసింది.